యాభై మంది కూడా లేని ఊరికి ఇద్దరు మేయర్లు: మ్యోడ్లారాయిట్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

శ్రీను_ఎర్లాంగెన్
అందరికీ నమస్కారం. జర్మనీలో హోఫ్ పట్టణానికి ఉత్తరాన మ్యోడ్లారాయిట్ అని ఓ పల్లె ఉంది. మ్యాప్‌లో చూస్తే ఊరి మధ్యలోంచి రాష్ట్ర సరిహద్దు గీత పోతోంది. ఆ గీత ఒక చిన్న వాగు. దానికి ఇటు పాత పశ్చిమ జర్మనీలోని బవేరియా, అటు పాత తూర్పు జర్మనీలోని థురింగియా. ఇటువైపు ఇళ్లు ట్యోపెన్ గ్రామ పరిధిలో, అటువైపు ఇళ్లు గెఫెల్ పట్టణ పరిధిలో ఉన్నాయి. రెండు పిన్ కోడ్లు (95183, 07926), రెండు ఎస్‌టీడీ కోడ్లు, కార్లకి రెండు రకాల నంబర్ ప్లేట్లు. మొత్తం జనాభా చూస్తే మన దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు.

తూర్పు, పశ్చిమ జర్మనీల మధ్య గోడ పోయి ముప్పై అయిదేళ్లు దాటింది కదా. దేశాలే ఒకటయ్యాయి, ఈ ఊరిని మాత్రం ఎందుకు కలపలేదు? అసలు అక్కడ పంచాయతీ లాంటిది ఎలా నడుస్తుంది?

లక్ష్మి_చరిత్ర
శ్రీను గారూ, ఆ గీత రెండు జర్మనీలు ఏర్పడిన 1949లో పుట్టింది కాదండీ. గోడ దాన్ని వాడుకుంది, అంతే.

ఆ వాగు పేరు టాన్‌బాఖ్. వర్షం లేని రోజుల్లో ఒక్క అంగలో దాటేయొచ్చు. ఒకప్పుడు దానికి ఒకపక్క బైరాయిట్ ప్రభువుల నేల, రెండోపక్క రాయిస్ వంశపు సంస్థానం. బైరాయిట్ ప్రాంతం 1792లో ప్రష్యా చేతికి, ఆ తర్వాత ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది. 1810లో నెపోలియన్ దాన్ని బవేరియాకి అప్పగించాడు. ఆ ఏడాదే వాగు పొడుగునా కొత్త హద్దురాళ్లు పాతారు. ఒకవైపు బవేరియా రాజ్యం పొడి అక్షరాలు, రెండోవైపు రాయిస్ సంస్థానం పొడి అక్షరాలు. 1918లో రాజులు పోయారు, 1920లో రాయిస్ కొత్తగా ఏర్పడిన థురింగియా రాష్ట్రంలో కలిసింది. పైన ఏలేవాళ్లు ఇంతమంది మారినా కింద వాగు దగ్గర గీత కదల్లేదు.

అయినా ఊరి జనానికి అదొక లెక్క కాదు. బడి, తాగుడు అంగడి థురింగియా వైపు ఉండేవి, చర్చికి మాత్రం బవేరియా వైపు ట్యోపెన్‌కి పోయేవాళ్లు. పన్ను కట్టేటప్పుడు తప్ప ఎవరు ఏ రాజ్యమో గుర్తొచ్చేది కాదనుకోండి.

కొంప ముంచింది 1944 సెప్టెంబర్ నాటి లండన్ ఒప్పందం. జర్మనీ ఓడిపోతే ఏ సైన్యం ఎక్కడుండాలో మిత్రపక్షాలు ముందే పంచుకున్నాయి. కొత్త గీతలు గీసే ఓపిక ఎవరికుంది, పాత రాష్ట్రాల హద్దులనే తీసుకున్నారు. థురింగియా సోవియట్‌కి, బవేరియా అమెరికాకి. 1945 ఏప్రిల్‌లో థురింగియాలోకి ముందు వచ్చింది అమెరికా సైన్యమే. ఒప్పందం ప్రకారం జూలై మొదట్లో వెనక్కి తగ్గింది, రష్యన్లు వచ్చారు. అలా మోకాలి లోతు కూడా లేని వాగు రెండు కూటముల మధ్య సరిహద్దు అయి కూర్చుంది.

బాలు_చిత్తూరు
అంటే నెపోలియన్ కాలంలో రాయి పాతిన సర్వేయర్ ఎవరో గానీ, ఆయన చెయ్యి ఇంకో వంద మీటర్లు పక్కకి జరిగి ఉంటే ఊరు మొత్తం ఒకే దేశంలో ఉండేదన్నమాట. సరే, 1961లో బెర్లిన్‌తో పాటే ఇక్కడా గోడ కట్టేశారా?

విహారి_యేనా
లేదు బాలు అన్నా. బెర్లిన్‌కి చాలా ముందే మూసేశారు, గోడ మాత్రం బెర్లిన్ తర్వాత వచ్చింది.

1952 మే 26న తూర్పు జర్మనీ సర్కారు ఒక ఉత్తర్వు తెచ్చింది. సరిహద్దు వెంబడి 10 మీటర్ల మేర దున్ని చదును చేసిన పట్టీ. ఎవరు అడుగు పెట్టినా గుర్తు పడాలని. దాని వెనక 500 మీటర్ల రక్షణ పట్టీ, ఆ వెనక 5 కిలోమీటర్ల నిషేధిత ప్రాంతం. మ్యోడ్లారాయిట్ తూర్పు భాగం మొత్తం ఆ 500 మీటర్లలోనే పడింది. అక్కడ ఉండేవాళ్లకి ప్రత్యేక ముద్ర ఉన్న కార్డులు, రాత్రిపూట బయట తిరగడానికి లేదు. పక్క జిల్లాలో ఉన్న సొంత తమ్ముడు పండక్కి రావాలన్నా పర్మిట్ కావాలి.

అదే జూన్‌లో "నమ్మకం లేనివాళ్లు" అని ముద్ర వేసి సరిహద్దు ఊళ్లలో వేల మందిని ఖాళీ చేయించారు. పొద్దున్నే లారీ వచ్చి ఇంటి ముందు ఆగుతుంది, సామాను ఎక్కించాలి, ఎక్కడికి తీసుకెళ్తారో చెప్పరు. ఆ పనికి వాళ్లు పెట్టుకున్న రహస్య పేరు "చీడపురుగులు". మనుషుల్ని తరలించే కార్యక్రమానికి ఆ పేరు పెట్టినవాడి బుర్ర ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

ఊళ్లో ముందు చెక్కల కంచె, తర్వాత ముళ్ల తీగ. 1966లో కాంక్రీటు గోడ వచ్చింది. సుమారు 700 మీటర్ల పొడవు, 3.3 మీటర్ల ఎత్తు. అమెరికా సైనికులు ఈ ఊరికి "చిన్న బెర్లిన్" అని పేరు పెట్టింది అందుకే.

ప్రణీత_మ్యూనిక్
గోడ గురించి ఒక విషయం చాలామంది పట్టించుకోరు. గోడే సరిహద్దు కాదు! అసలు సరిహద్దు వాగు. గోడని దానికి కొన్ని మీటర్లు వెనక, తూర్పు నేల మీద కట్టారు. అంటే గోడకీ వాగుకీ మధ్య ఉన్న గడ్డి నేల కూడా తూర్పు జర్మనీదే. బవేరియా వైపు పిల్లవాడి బంతి వాగు దాటి పడితే, తెచ్చుకోవడానికి వెళ్లడం అంటే ఇంకో దేశంలోకి చొరబడటమే. అందుకే ఇటువైపు "వాగు మధ్యలో సరిహద్దు, జాగ్రత్త" అనే బోర్డులు పెట్టారు.

పశ్చిమం వైపు నుంచి బస్సుల్లో జనం వచ్చి గోడ అవతల ఇళ్లని చూసి, చేతులు ఊపి పోయేవాళ్లు. అటువాళ్లు తిరిగి చెయ్యి ఊపడం నిషేధం. ఎదురింటివాళ్లు చుట్టాలే అయినా సరే. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ కూడా వచ్చాడు. కెనెడీ బెర్లిన్‌లో అన్నట్టే తనూ జర్మన్‌లో "నేను మ్యోడ్లారాయిట్ వాణ్ణి" అని వెళ్లాడు.

బాలు_చిత్తూరు
ఇంత కాపలాలో ఎవరైనా దాటారా?

విహారి_యేనా
గోడ కట్టాక ఆ ఊళ్లో ఒక్కడే దాటగలిగాడని చెప్తారు. 1973 మేలో. ఆ ప్రాంతంలో తిరగడానికి పర్మిట్ ఉన్న డ్రైవర్. బండిని గోడ దాకా తెచ్చి, నిచ్చెన వేసుకుని అవతలికి దూకేశాడు. సొరంగం లేదు, బెలూన్ లేదు. పర్మిట్ ఉన్నవాడే పారిపోవడం వాళ్లకి మరీ మండి ఉంటుంది.

రావు_రిటైర్డ్_ఈవోపీఆర్డీ
బాబూ, చరిత్ర బాగుంది. నేను ముప్పై ఏళ్లు పంచాయతీ రాజ్‌లో పనిచేసిన మనిషిని, నాకు కావలసింది వేరే. ఇప్పుడు ఆ ఊళ్లో ఇంటి పన్ను ఎవరు వేస్తారు? వీధి దీపం పోతే ఎవరికి చెప్పాలి? సెక్రటరీ ఒకడా ఇద్దరా? అమ్మాయి ప్రణీత బవేరియాలో ఉంటుంది కాబట్టి ఆమె చెప్పాలి.

ప్రణీత_మ్యూనిక్
తప్పకుండా అంకుల్. కొంచెం పెద్ద జవాబు అవుతుంది మరి.

మొదటి సంగతి, మ్యోడ్లారాయిట్‌కి సొంత పంచాయతీ లేదు. మన శివారు గ్రామం లాంటిది. బవేరియా భాగానికి ట్యోపెన్ గ్రామ మండలి, థురింగియా భాగానికి గెఫెల్ పట్టణ మండలి.

బవేరియాలో మేయర్‌ని జనం నేరుగా ఎన్నుకుంటారు, పదవీకాలం 6 ఏళ్లు. మండలికీ అంతే, రెండూ ఒకేసారి జరుగుతాయి. ట్యోపెన్ లాంటి చిన్న ఊళ్లలో మేయర్‌గిరీ పూర్తి ఉద్యోగం కాదు, గౌరవ పదవి. భృతి ఇస్తారు, చాలామంది తమ పని తాము చేసుకుంటూనే ఉంటారు. మరి ఫైళ్లు ఎవరు చూస్తారంటే, చుట్టుపక్కల చిన్న గ్రామాలు కలిసి ఒక ఉమ్మడి కార్యాలయం పెట్టుకుంటాయి. ట్యోపెన్‌ది ఫైలిచ్ అనే పక్క ఊరి కార్యాలయంలో ఉంది. రిజిస్ట్రేషన్, పన్ను లెక్కలు అన్నీ అక్కడి సిబ్బంది పనే. అయితే నిర్ణయాలు మాత్రం ఎవరి మండలివి వాళ్లవే.

థురింగియాలో పట్టణ మండలికి 5 ఏళ్లు. అక్కడ పూర్తికాలం మేయర్‌కి 6 ఏళ్లు. అంటే వాగుకి ఇటు ఎన్నికలు జరిగే ఏడు చాలాసార్లు అటు జరగవు. థురింగియా మండళ్లకి 2024 మేలో అయ్యాయి, బవేరియాకి 2026 మార్చి. పైన జిల్లాలు కూడా వేరు. ఇటు హోఫ్ జిల్లా, అటు జాలె-ఓర్లా జిల్లా. ఆ జాలె-ఓర్లా కూడా 1994లో మూడు పాత జిల్లాల్ని కలిపి చేసినది. ఆ ఏడాది థురింగియాలో 35 జిల్లాల్ని 17కి తగ్గించారు.

ఇంటి పన్ను మరీ తమాషా. 2025 నుంచి జర్మనీ అంతటా కొత్త పద్ధతి వచ్చింది కదా. థురింగియా కేంద్ర పద్ధతి తీసుకుంది, అంటే స్థలం విలువ లెక్కలోకి వస్తుంది. బవేరియా సొంత చట్టం చేసుకుంది, అందులో విస్తీర్ణమే లెక్క, విలువతో పని లేదు. ఒకే ఊళ్లో ఎదురెదురు ఇళ్లకి రెండు సూత్రాలు! ఆ వచ్చిన అంకెని ఎంతతో హెచ్చించాలో మాత్రం ఇక్కడ ట్యోపెన్ మండలి, అక్కడ గెఫెల్ మండలి చెప్తాయి.

వీధి దీపం పోతే ఏ ఒడ్డున ఉందో చూసి ఫోన్ చేయాలి అంకుల్ :)

రావు_రిటైర్డ్_ఈవోపీఆర్డీ
చాలా బాగా చెప్పావమ్మా. ఆ హెచ్చింపు అధికారం చిన్నదేం కాదు. మన దగ్గర సర్పంచికి చెక్ పవర్ ఉంటుందా లేదా అన్నదే ఎప్పుడూ గొడవ. సెక్రటరీ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి, బదిలీ పైనుంచి వస్తుంది. అక్కడ సిబ్బంది ఎవరి కింద?

ప్రణీత_మ్యూనిక్
గ్రామాల ఉద్యోగులే అంకుల్. ట్యోపెన్ లాంటి చోట ఆ ఉమ్మడి కార్యాలయం తరఫున పనిచేస్తారు. రాష్ట్రం నియమించి పంపదు. జిల్లా ఆఫీసు పైనుంచి చూస్తుంది, చట్టం తప్పితే ఆపుతుంది. జిల్లా నడవడానికి గ్రామాలే ఏటా వాటా కట్టాలి. ఆ వాటా ఎంతన్న దాని మీద ప్రతి బడ్జెట్‌కీ తగువే, అందులో మన జిల్లా పరిషత్‌లకి ఏమీ తీసిపోరు.

లక్ష్మి_చరిత్ర
రావు గారూ, ఒక్కటి కలుపుతాను. వాళ్ల రాజ్యాంగం 28వ అధికరణలో గ్రామాలకి తమ స్థానిక వ్యవహారాలు తామే చూసుకునే హక్కు 1949 నుంచి రాసి ఉంది. మన పంచాయతీలకి రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1992లో, అమలు 1993లో. అయితే ఆ గ్రామాన్ని ఇంకో గ్రామంలో కలపకూడదని మాత్రం ఎక్కడా లేదు. బవేరియాలోనే 1970లలో సుమారు 7 వేల గ్రామ పంచాయతీల్ని 2 వేల చిల్లరకి తెచ్చారు. ఊళ్లు కోర్టులకి కూడా ఎక్కాయి.

శ్రీను_ఎర్లాంగెన్
ఇదంతా చదివాక నా ప్రశ్న ఇంకా గట్టిపడింది. 7 వేలు 2 వేలు చేయగలిగినవాళ్లు యాభై మంది లేని ఊరిని ఒక పక్కకి కలపలేరా? రెండు ఆఫీసులు, రెండు లెక్కలు. దండగ కాదా?

లక్ష్మి_చరిత్ర
చట్టం అడ్డు కాదండీ. అవి ఒకే రాష్ట్రంలో జరిగిన విలీనాలు, ఇది రాష్ట్ర హద్దు, తేడా అది. అయినా 29వ అధికరణ ఏడో క్లాజు ప్రకారం 50 వేల లోపు జనాభా ఉన్న ప్రాంతమైతే రెండు రాష్ట్రాలు ఒప్పందం రాసుకుని హద్దు మార్చుకోవచ్చు. ఆ గ్రామాల్ని, జిల్లాల్ని మాత్రం ముందు అడగాలి.

రాష్ట్రం మారిన ఊళ్లు లేకపోలేదు. దగ్గర్లోనే కోబుర్గ్. 1919 నవంబర్‌లో అక్కడ ఓటు పెడితే థురింగియాలో చేరం అని పెద్ద మెజారిటీతో చెప్పారు, 1920 జూలైలో బవేరియాలో కలిశారు. పాతికేళ్ల తర్వాత ఆ ఓటు ఎంత విలువ చేసిందో చూడండి. థురింగియాకి వేసి ఉంటే కోబుర్గ్ తూర్పు జర్మనీలో ఉండేది.

రావు_రిటైర్డ్_ఈవోపీఆర్డీ
ముందు అడగాలి అన్న మాట దగ్గర ఆగాను. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రలోకి వచ్చాయి. భద్రాచలం గుడి తెలంగాణలో, ఊరి అంచున ఉన్న ఎటపాక ఆంధ్రలో. మన రాజ్యాంగం 3వ అధికరణలో రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, వినాలని లేదు. పంచాయతీని అడగాలన్న మాటే లేదు. ఎటపాకతో పాటు భద్రాచలం పక్కనున్న అయిదు పంచాయతీల వాళ్లు మమ్మల్ని వెనక్కి ఇచ్చేయండని ఎన్నిసార్లు రోడ్డెక్కారో. హద్దు మారితే రేషన్ కార్డు నుంచి పిల్లల స్థానికత దాకా అన్నీ మారతాయి. కాబట్టి శ్రీను బాబూ, కలపడం దండగ తగ్గిస్తుందని అంత తేలిగ్గా అనుకోవద్దు.

విహారి_యేనా
రావు గారితో ఏకీభవిస్తున్నా. థురింగియా వైపు మనిషిని రేపట్నుంచి నువ్వు బవేరియా అంటే పిల్లల బడి, సిలబస్, పోలీసు, రిజిస్ట్రేషన్ అన్నీ మారాలి. ఏ రాష్ట్రం తన నేల వదులుకుంటుంది?

కానీ అంతా సుఖంగా ఉందని కూడా అనను. పెన్షన్ సంగతే తీసుకోండి. తూర్పులో పనిచేసిన ఏడాదికీ పశ్చిమంలో పనిచేసిన ఏడాదికీ పెన్షన్ పాయింట్ విలువ వేరుగా ఉండేది. అది సమానమైంది 2023 జూలై 1న! గోడ కూల్చాక 33 ఏళ్లకి. వాగుకి అటూ ఇటూ ఒకే రకం పనిచేసి రిటైరైన ఇద్దరికి ఇన్నేళ్లూ వేర్వేరు లెక్కలు. నా దృష్టిలో నిజంగా తెంచాల్సిన గోడ అదే, రాష్ట్ర హద్దు కాదు.

శ్రీను_ఎర్లాంగెన్
పెన్షన్ సంగతి నాకు తెలియదు. అది అన్యాయమే. అయినా యాభై మందికి రెండు పాలనలు అన్నది నాకు మింగుడు పడటం లేదు. కరోనా అప్పుడు నిబంధనలు రాష్ట్రాలవారీగా వచ్చాయి, ఆ ఊళ్లో వాగు దాటితే మాస్కు రూలు మారి ఉంటుంది.

ప్రణీత_మ్యూనిక్
ఒకే పాలన కాకపోయినా కలిసి చేసే పనులున్నాయి శ్రీను గారూ. అక్కడి మ్యూజియం అలాంటిదే. గోడ పోయిన ఏడాదే, 1990లోనే, ఊళ్లో మ్యూజియం పని మొదలైంది. దాన్ని నడిపేది రెండువైపుల జిల్లాలూ గ్రామాలూ కలిసి పెట్టుకున్న ఉమ్మడి సంస్థ. జర్మనీలో మంచినీళ్లకి, మురుగునీటికి, బడులకి ఇలాంటి సంస్థలు మామూలే. హద్దు ఎక్కడుంటే అక్కడే ఉంచి, పని మాత్రం కలుపుకుంటారు. నాకైతే అదే తెలివైన పద్ధతి అనిపిస్తుంది.

బాలు_చిత్తూరు
గోడ కూల్చిన కథ ఎవరూ చెప్పలేదేం?

విహారి_యేనా
బెర్లిన్‌లో 1989 నవంబర్ 9న తెరుచుకున్నా ఇక్కడ వెంటనే ఏం జరగలేదు. జనం గోడ దగ్గర గుమిగూడి అడగ్గా అడగ్గా డిసెంబర్ 9న గోడలో ఒక దారి తీశారు, నడిచి వెళ్లడానికి మాత్రమే. 37 ఏళ్ల తర్వాత ఎదురింటికి వెళ్లడానికి సరిగ్గా నెల ఆలస్యం. 1990 జూన్ 17న యంత్రం తెచ్చి గోడ పడగొట్టారు. 1953లో తూర్పు జర్మనీ కార్మికులు తిరగబడింది కూడా జూన్ 17నే. సుమారు 100 మీటర్ల గోడ, కావలి బురుజు మాత్రం చూపించడానికి అలాగే ఉంచారు.

శ్రీను_ఎర్లాంగెన్
సరే, వెళ్లి చూస్తా. ఎలా వెళ్లాలి, ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

ప్రణీత_మ్యూనిక్
కారులో అయితే ఏ72 హైవే మీద హోఫ్/ట్యోపెన్ ఎగ్జిట్ దగ్గర దిగండి. రైలు ఆ ఊరికి రాదు. గోడ, కంచె, బురుజు బయటే ఉంటాయి, నడుస్తూ చూడొచ్చు. లోపలి ప్రదర్శన టైమింగ్స్ ముందే చూసుకోండి. ఓపిక ఉంటే దగ్గర్లోనే బవేరియా, థురింగియా, సాక్సనీ మూడూ కలిసే చోట రాయి ఉంది, అదీ చూడండి. పిల్లలకి నచ్చుతుంది, మూడు రాష్ట్రాల్లో ఒకేసారి నిలబడొచ్చు.

పలకరింపు మాత్రం చూసుకోండి. బవేరియా వైపు "గ్రూస్ గాట్" అంటారు, థురింగియా వైపు "గుటెన్ టాగ్". తప్పు అన్నా ఎవరూ ఏమీ అనుకోరులెండి.

షాపింగ్ కూడా పెట్టుకుంటే అక్టోబర్ చివర వద్దు. అక్టోబర్ 31 థురింగియాకి సెలవు, బవేరియాకి కాదు. నవంబర్ 1 బవేరియాకి సెలవు, థురింగియాకి కాదు.

బాలు_చిత్తూరు
అంటే అటువైపు ఇల్లు, ఇటువైపు ఉద్యోగం ఉన్నవాడికి మొదటి రోజు పిల్లలు ఇంట్లో, వాడు డ్యూటీలో. రెండో రోజు వాడు ఇంట్లో, పిల్లలు బళ్లో. శ్రీనూ, ఇప్పుడు నేను నీ వైపే, కలిపేయమని అర్జీ రాయి, సంతకం పెడతా.

రావు_రిటైర్డ్_ఈవోపీఆర్డీ
అర్జీ రాసేటప్పుడు రెండు కాపీలు రాయండి బాబూ. ఒకటి ట్యోపెన్‌కి, ఒకటి గెఫెల్‌కి.